వాసన రాలేదంటే బాగున్నట్టేనా?

పోయిన ఆదివారం మా ఇంట్లో ఒక చిన్న పంచాయితీ జరిగింది. భీమవరం నుంచి మా అత్తయ్యగారు వచ్చారని చికెన్ తెప్పించాం. ఎండలో చికెన్ సెంటరు దాకా వెళ్లి, నిలబడి కొట్టించుకొచ్చే ఓపిక లేక ఫోన్లో ఆర్డర్ పెట్టాను. కాసేపటికి ప్యాకెట్ వచ్చింది. నల్లటి ప్లాస్టిక్ ట్రే, పైన బిగుతుగా అద్దంలాంటి కవరు, ముక్కల కింద తెల్లగా ఒక మెత్తలాంటిది. ఇంకో నాలుగు రోజుల దాకా వాడుకోవచ్చని పైన తేదీ.

అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని ఆ తేదీ చదివారు.

"ఇదెప్పుడు కోసిన కోడండీ అల్లుడుగారూ?"

"నిన్నో మొన్నో అయ్యుంటుందండీ."

ఆవిడ కవరు చింపి, ముక్కు దగ్గర పెట్టుకుని ఒకటికి రెండుసార్లు వాసన చూశారు. "వాసనేం లేదు. బాగానే ఉన్నట్టుంది" అన్నారు. మళ్లీ ఆ తెల్ల మెత్తను వేలితో నొక్కి చూస్తూ, "వాసన రాకుండా ఇందులో ఏమన్నా పెట్టారేమో!" అన్నారు.

మా ఆవిడా, అబ్బాయీ ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

రెండేళ్ల కిందట మే నెలలో మా ఆవిడ ఊరెళ్లింది. ఇంట్లో నేనూ, అబ్బాయీ. వాడికి చికెన్ అంటే ప్రాణం. పొద్దున్నే ఇలాంటి ప్యాకెట్ ఒకటి కొని కారు వెనక సీట్లో పడేశాను. బ్యాంకు పని, కరెంటు బిల్లు, ఒక స్నేహితుడితో టీ... ఇంటికొచ్చేసరికి మూడు గంటలు దాటింది. మే నెలలో తలుపులు మూసిన కారు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు సాయంత్రం తీశాను. తేదీ ఇంకా రెండు రోజులుంది. వాసన చూశాను, ఏమీ లేదు. ఇంకేం, మసాలా పట్టించి పెనం మీద గబగబా కాల్చేశాను. ఎముక దగ్గర కాస్త ఎర్రగా ఉందని వాడన్నాడు. "ఏం కాదురా, తిను" అన్నాను.

ఆ తెల్లవారుజామున మొదలైంది. వాంతులు, విరేచనాలు, జ్వరం. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. డాక్టరుగారు "ఏం తిన్నారు, ఎప్పుడు కొన్నారు, ఎక్కడ పెట్టారు" అని వరసగా అడిగారు. నేను చివరికి, "వాసన రాలేదండీ" అన్నాను, అదేదో పెద్ద సాక్ష్యం అయినట్టు. ఆయన తల అడ్డంగా ఊపి, "జబ్బు చేసేవి వాసన వేస్తాయని మీకెవరు చెప్పారు?" అన్నారు.

ప్యాకెట్ తప్పని నేననను. కారులో పడేసింది నేను, సరిగ్గా ఉడకనివ్వనిదీ నేనే. కానీ ఆ ఒక్క మాట నన్ను వదల్లేదు. అప్పట్నుంచీ చికెన్ ప్యాకెట్ల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. అందుకే మా అత్తయ్యగారి ప్రశ్న నాకు తమాషాగా అనిపించలేదు. ప్యాకింగ్ మీద పరిశోధన చేసేవాళ్లూ, చట్టాలు రాసేవాళ్లూ తలలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నే అది.

ముందు ఆ తెల్ల మెత్త సంగతి. మామూలుగా అది చేసేది ఒక్కటే పని. ముక్కల్లోంచి కారే నీటిని పీల్చుకోవడం. ఆ నీళ్లలో బాక్టీరియా బాగా పెరుగుతుంది కాబట్టి దాన్ని పక్కకు లాగేయడం మంచిదే. ఇప్పుడు కొన్ని దేశాల్లో ఈ మెత్తలోనో, పైన కప్పే ఫిల్మ్‌లోనో సూక్ష్మజీవుల్ని చంపే, లేదా పెరగకుండా ఆపే పదార్థాలు కలుపుతున్నారు. దీన్నే యాంటీ మైక్రోబియల్ ప్యాకింగ్ అంటున్నారు. రెండు మూడు రోజులు నిలిచే మాంసాన్ని ఇంకొన్ని రోజులు నిలపాలనేది వాళ్ల ప్రయత్నం.

ఈ ప్రయత్నాన్ని తీసిపారేయడానికి లేదు. బ్రాయిలర్ కోడి పెరగడానికి దాదాపు 40 రోజులు పడుతుంది. దానికి తినిపించిన మొక్కజొన్న, సోయా, తాగించిన నీళ్లు, రైతు కరెంటు బిల్లు, ఇవన్నీ ఒక్క మధ్యాహ్నం ఎండకు చెత్తకుప్పలోకి పోతాయి. మన దగ్గర ఎక్కువమంది ఇప్పటికీ కళ్లముందు కోయించుకునే తెచ్చుకుంటారు కాబట్టి ఈ బాధ అంతగా తెలియదు. కోసింది కోసినట్టు గంటలో కుండలోకి వెళ్లిపోతుంది. కానీ ఊళ్లు మారుతున్నాయి. కోసేది ఒకచోట, తినేది ఇంకోచోట అవుతోంది. మధ్యలో వ్యాను, గోడౌను, షాపు ఫ్రిజ్, డెలివరీ కుర్రాడి సంచి, మన ఫ్రిజ్. ఇన్ని చేతులు మారే మాంసానికి కాపలా కావాల్సిందే.

ఇంతకీ చికెన్ ఎందుకు పాడవుతుంది? పచ్చి కోడిమాంసం మీద రకరకాల బాక్టీరియా ఉంటుంది. వాటిని మన సౌకర్యం కోసం రెండు ముఠాలు అనుకుందాం. మొదటి ముఠా మాంసాన్ని కుళ్లబెట్టేది. అందులో పెద్దన్న పేరు సూడోమొనాస్. దానికి గాలి కావాలి, చలి అంటే పెద్ద లెక్క లేదు, ఫ్రిజ్‌లో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. అది బాగా పెరిగాకే మనకు ఆ నీచు కంపు, ముక్కల మీద జిగురు. తొడ ముక్కలు రొమ్ము ముక్కలకన్నా ముందు పాడవడానికి కారణం వాటిలో పులుపు గుణం కాస్త తక్కువగా ఉండటం.

రెండో ముఠా మనకు జబ్బు చేసేది. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటివి. ఇవి ముక్క మీద ఉన్నా మాంసం రంగు మారదు, వాసన మారదు. మా డాక్టరుగారు చెప్పింది ఇదే. 4 డిగ్రీల కన్నా తక్కువ చల్లదనంలో సాల్మొనెల్లా దాదాపు పెరగదు. అలాగని చావదు కూడా. ఎండ తగిలేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది.

ఇప్పుడు ఈ రెండు ముఠాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. సరైన చల్లదనంలో ఉన్న చికెన్‌లో ముందు పెరిగేది కుళ్లబెట్టేదే. అది కంపు కొడుతుంది, మనం పారేస్తాం. అంటే ఒక రకంగా ఆ కంపు మనకు కాపలా కుక్క. అదేమీ మంచిదని కాదు, మొరుగుతుంది, అంతే. మరి ప్యాకింగ్‌లో పెట్టిన మందు ఆ మొరిగేదాన్ని మాత్రమే పడుకోబెట్టి, చప్పుడు చేయని దొంగను వదిలేస్తే? ఆ తర్వాత ఎక్కడో ఒకచోట చల్లదనం తప్పితే, నాలాంటివాడు కారు వెనక సీట్లో పడేస్తే? దొంగ పెరుగుతాడు, కుక్క మొరగదు. "వాసన రాకుండా ఏమన్నా పెట్టారేమో" అంటే ఇదే.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. కోడిమాంసాన్ని మందుతో నిలవ చేయాలన్న ఆలోచన ఒకసారి పెద్దఎత్తున అమల్లోకి వచ్చింది, పోయింది. ఆ కథ తీగ లాగితే డొంకంతా వచ్చి మన భీమవరం దగ్గరే ఆగుతుంది. చెబితే అత్తయ్యగారు కూడా ముందు నమ్మలేదు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తెలుసు కదా. అమెరికా వెళ్లి లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ని కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఎన్నో ప్రాణాలు నిలిపిన మందు అది.

ఆ తర్వాత అదే సంస్థలో, ఆ మందు తయారు చేయగా మిగిలిన పిప్పిని దాణాలో కలిపి పెడితే కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతున్నాయని గమనించారు. కోళ్ల దాణాలో యాంటీబయోటిక్‌ల అలవాటుకు నాంది అదే. వ్యాపారం అక్కడితో ఆగలేదు. కోసిన కోళ్లను ఈ మందు కలిపిన చల్లటి నీళ్లలో ముంచి తీస్తే ఎక్కువ రోజులు తాజాగా ఉంటాయని పద్ధతి కనిపెట్టి, దానికి ఆక్రనైజ్ అని పేరు పెట్టారు. లెడర్లీ మాతృసంస్థ అమెరికన్ సయనమిడ్ దీన్ని అమ్మింది. 1955లో అక్కడి ఆహార, ఔషధ శాఖ అనుమతి ఇచ్చింది. కొత్త సైన్సు, ఎక్కువ తాజాదనం అని ప్రకటనలు. వండితే మందు విరిగిపోతుందిలే అని ధీమా.

తర్వాత ఏమైంది? మందుకు లొంగే బాక్టీరియా చచ్చింది, లొంగనిది మిగిలింది. ఖాళీ అయిన జాగాలో ఈస్టు, బూజు పెరిగాయి. సియాటిల్ ప్రాంతంలో కోళ్లు శుభ్రం చేసే పనివాళ్ల చేతులకు సెగగడ్డలు, చర్మవ్యాధులు వచ్చాయి. అక్కడి ప్రజారోగ్య వైద్యుడు ఆరా తీస్తే ఈ మందు నీళ్లు వాడే చోట్లకు లంకె కనిపించింది. మందు ఉందిలే అని శుభ్రత విషయంలో కొందరు చేతులు దులుపుకున్నారు కూడా. చివరికి 1966లో అనుమతి ఎత్తేశారు. సుబ్బారావుగారు బతికుంటే ఆ మందును కోళ్లు నానబెట్టడానికి వాడటం చూసి ఏమనేవారో!

ఇప్పుడు ల్యాబుల్లో తయారవుతున్నవి ఆ బాపతు కావు, ఆ మాట ముందే చెప్పాలి. ఆస్పత్రిలో మనకిచ్చే మందుల్ని ప్యాకెట్లలో పెట్టాలని ఇప్పుడెవరూ అనడం లేదు. వెతుకుతున్నవి చాలావరకు మన వంటింట్లోనూ, మన చెరువుల్లోనూ ఉన్నవే.

వాములో ఘాటు వాసననిచ్చే థైమాల్, లవంగంలోని యూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్. ఈ మూడూ బాక్టీరియాను దెబ్బతీస్తాయి. వీటి నూనెల్ని ఫిల్మ్‌లో కలుపుతున్నారు. గుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ ఒకటి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ అంతకుముందే, 1922లో, కనిపెట్టిన పదార్థమది. పాలల్లో ఉండే ఒక బాక్టీరియా తయారు చేసే నైసిన్ ఇంకొకటి, చీజ్‌లో చాలాకాలంగా వాడుతున్నారు. ఇక కైటోసాన్. రొయ్య పొట్టు, పీత డిప్పల నుంచి తీస్తారు. రొయ్యల సాగులో దేశంలో ముందున్నది ఆంధ్రప్రదేశే కదా. మా అత్తయ్యగారి ఊరి చుట్టుపక్కల రొయ్యల తలలూ పొట్టూ గుట్టలు గుట్టలు. ఆ చెత్త కోడిమాంసానికి కాపలా కాస్తుందంటే ఆవిడ ముక్కు మీద వేలేసుకున్నారు.

మరి ఇవన్నీ ఉన్నాయి కదా, ఇంకేంటి ఇబ్బంది? ఇబ్బందులు మూడు.

మొదటిది, తగిలిన చోటే పని చేస్తాయి. ఫిల్మ్‌లో ఉన్న మందు ఫిల్మ్ ఆనిన ముక్కకే అందుతుంది. మనది కర్రీ కట్. ఎముకా, సందూ, మడతా. కింది వరసలో ముక్కల మధ్య ఏం జరుగుతోందో పై కవరుకు తెలియదు.

రెండోది, గాజు పళ్లెంలో గెలిచింది మాంసం మీద ఓడిపోవచ్చు. మాంసంలోని కొవ్వు, మాంసకృత్తులు ఈ పదార్థాల్ని పట్టేసుకుంటాయి. అందుకని మోతాదు పెంచాలి. వాము నూనె మోతాదు పెంచితే చికెన్ తిన్నట్టుండదు, కషాయం తాగినట్టుంటుంది.

మూడోది అసలైనది. ఏది ఎవరిని చంపుతుంది? నైసిన్‌నే తీసుకోండి. కొన్ని బాక్టీరియా మీద అద్భుతంగా పని చేస్తుంది. కానీ సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, సూడోమొనాస్‌లకు పైన ఇంకో పొర ఉంటుంది. ఆ గోడ దాటి నైసిన్ ఒంటరిగా లోపలికి పోలేదు. తోడుగా ఇంకో రసాయనం వచ్చి గోడను బలహీనపరచాలి. కాబట్టి "సూక్ష్మజీవుల్ని చంపుతుంది" అనే ముక్క చదివి మురిసిపోకూడదు. ఏ సూక్ష్మజీవిని అని అడగాలి.

ఐరోపా వాళ్లు ఈ ప్రశ్నను చట్టంలోనే పెట్టారు. ఆహారానికి తగిలే వస్తువుల మీద వాళ్లు 2004లో చేసిన నిబంధనల్లో ఒకటుంది. ఇలాంటి ప్యాకింగ్ ఏదైనా సరే, ఆహారం చెడిపోయిన సంగతిని కప్పిపుచ్చి కొనేవాణ్ని మోసం చేసేలా ఉండకూడదు. మా అత్తయ్యగారు మెత్తను నొక్కి అడిగిన మాటనే వాళ్లు పెద్ద భాషలో రాసుకున్నారు.

మన దగ్గర? 2018 నాటి ప్యాకింగ్ నిబంధనల్లో తినే వస్తువుల్ని న్యూస్ పేపర్లో చుట్టకూడదని స్పష్టంగా ఉంది. మిరపకాయ బజ్జీల బండి దగ్గర అది ఎంతవరకు అమలవుతోందో మీరే చూస్తున్నారు. 2019లో కొలిస్టిన్ అనే మందును కోళ్లకూ, చేపలకూ, దాణాలోనూ వాడకూడదని కేంద్రం నిషేధించింది. ఆస్పత్రిలో ఇక ఏ మందూ పని చేయనప్పుడు వాడే ఆఖరి అస్త్రం అది. దాన్ని కోళ్ల బరువు పెంచడానికి ఖర్చు చేస్తూ వచ్చాం. ఆక్రనైజ్ పాఠం నేర్చుకోవడానికి లోకానికి అంతకాలం పట్టింది.

నా మటుకు నేను తేల్చుకున్నది ఇది. మంచి ప్యాకింగ్ వస్తే రావాల్సిందే. రొయ్య పొట్టుతో వస్తే మనకు ఇంకా సంతోషం. కానీ అది చల్లదనానికి తోడుగా రావాలి, బదులుగా కాదు. "మా కవరులో మందుంది, ఐసు తగ్గించినా పర్లేదు" అని ఎవరైనా అన్న రోజున మనం మళ్లీ 1955కి వెళ్లిపోయినట్టే. అలాంటి ప్యాకెట్ అమ్మేవాళ్లు ఎన్ని రోజులు నిలుస్తుందో చెబితే చాలదు. ఎంత చల్లదనంలో అన్ని రోజులో, జబ్బు చేసే బాక్టీరియా మీద పరీక్షించారో లేదో కూడా చెప్పాలి.

అందాకా మన చేతిలో ఉన్నవి మనం చేసుకుందాం. బజారు పనుల్లో చికెన్ చివరన కొనండి. కారులో, బండి డిక్కీలో వదిలేయకండి. నా అనుభవం చాలు. ప్యాకెట్ మీద తేదీ చల్లగా ఉన్నంతవరకే లెక్క, మధ్యలో చల్లదనం తప్పితే ఆ తేదీ చెల్లదు. ఫ్రిజ్‌లో తలుపు దగ్గర పెట్టకండి, కింది అరలో వెనక్కి పెట్టండి, రసం కింద కూరగాయల మీద కారకుండా గిన్నెలో ఉంచండి. ఇంట్లో ఫ్రిజ్ 4 డిగ్రీల కింద ఉంటే పచ్చి చికెన్ ఒకటి రెండు రోజుల్లో వండేయాలి, లేదంటే డీప్ ఫ్రీజర్‌లోకి పోవాలి. ఆ తెల్ల మెత్తను పిండకండి, కడగకండి, అలాగే చెత్తబుట్టలో వేయండి.

చికెన్‌ను పంపు కింద ధారగా కడిగితే ఆ తుంపర్లు సింకంతా, పక్కనున్న గిన్నెలంతా పడతాయి. పసుపూ ఉప్పూ వేసి కడగనిదే మనకు మనసొప్పదు, నాకూ అంతే. కడగాలంటే లోతైన గిన్నెలో నెమ్మదిగా కడిగి, ఆ తర్వాత సింకూ, కత్తీ, చేతులూ సబ్బుతో తోమండి. మసాలా పట్టించాం కదా, లవంగం ఉంది కదా అనుకోవద్దు. కూరలో వేసేపాటి లవంగం మందు కాదు, రుచి మాత్రమే. అసలు మందు పొయ్యి మీద ఉంది. ముక్క లోపల 74 డిగ్రీలు వస్తే సాల్మొనెల్లా మిగలదు. ఎముక పక్కన కోసి చూసినప్పుడు మాంసం పచ్చిగా, జారుతూ ఉంటే మళ్లీ మూత పెట్టండి. ఇంట్లో పిల్లలు ఆకలి ఆకలని అరిచినా సరే.

ఇంతకీ ఆదివారం ఏమైందంటారా? ప్యాకెట్ చల్లగానే వచ్చింది, రాగానే పొయ్యెక్కింది. అత్తయ్యగారు దగ్గరుండి కోడి కూర వండించారు. నేను గరిటె పట్టుకుని వెనకాల నిలబడి, "ఇంకో పది నిమిషాలు ఉండనివ్వండి" అంటూనే ఉన్నాను. "మీకు నమ్మకం తక్కువండీ అల్లుడుగారూ" అన్నారావిడ.

"వాసన రాకుండా ఏమన్నా పెట్టారేమో అని అడిగింది మీరే కదండీ" అన్నాను.

మా అబ్బాయి మాత్రం ప్లేటులో పడిన మొదటి ముక్కను విరిచి, ఎముక పక్కన చూసి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకున్నాడు. వాడికి ఆ అలవాటు రెండేళ్ల కిందటి నుంచి.